ఫైల్ సర్వర్‌ని వేరే సబ్‌నెట్‌లకు తెరిచే ముందు జాగ్రత్తలు

అకౌంట్స్ వాళ్లు 192.168.10.0/24 సబ్‌నెట్‌లో (ఆఫీసు నెట్‌వర్క్‌లో విడిగా ఉండే ఒక భాగం), డిజైన్ వాళ్లు 192.168.20.0/24లో ఉండి, ఇద్దరికీ ఒకే విండోస్ సర్వర్‌లోని ఫోల్డర్లు కావాలంటే, చెయ్యి పెట్టే ముందు ఇవి చూసుకోండి.

• ముందు బ్యాకప్. తీసి ఊరుకోకుండా ఒక ఫైల్‌ని వెనక్కి తెచ్చి, తెరిచి చూడండి.

• రౌటర్‌లో విండోస్ ఫైల్ షేరింగ్ వాడే టీసీపీ 445 పోర్టు ఒక్కటే, అదీ సర్వర్ ఐపీకి మాత్రమే తెరవండి. ఇంటర్నెట్ వైపు ఎట్టి పరిస్థితుల్లోనూ తెరవకూడదు. సీసీ కెమెరాలు, అతిథుల వైఫై ఉన్న సబ్‌నెట్‌లకు అసలు దారి ఇవ్వొద్దు.

• ఎక్కువమంది తల పట్టుకునేది ఇక్కడే: పింగ్ (సర్వర్ అందుతోందో లేదో చూసే పరీక్ష) వెళ్తుంది, ఫోల్డర్ మాత్రం తెరుచుకోదు. విండోస్ ఫైర్‌వాల్ ప్రైవేట్ ప్రొఫైల్‌లో ఫైల్ షేరింగ్ రూల్ మామూలుగా 'లోకల్ సబ్‌నెట్' వరకే అనుమతిస్తుంది. ఆ రూల్ స్కోప్‌లో (ఏ అడ్రసులకు వర్తించాలో చెప్పే చోట) రెండో సబ్‌నెట్‌ని, అంటే సర్వర్ లేనిదాన్ని, చేర్చండి. పని త్వరగా అవుతుందని ఫైర్‌వాల్‌నే ఆపేయకండి.

• నెట్‌వర్క్ లిస్టులో సర్వర్ కనబడకపోతే టెన్షన్ పడొద్దు. ఆ లిస్టు కోసం కంప్యూటర్లు అందరికీ పంపే బ్రాడ్‌కాస్ట్‌లు రౌటర్ దాటవు. డీఎన్‌ఎస్‌లో (పేరుని ఐపీకి కలిపే సర్వీస్) సర్వర్‌కి పేరు పెట్టి, ఆ పేరుతోనే డ్రైవ్ మ్యాప్ చేయించండి.

• సర్వర్‌కి రెండు నెట్‌వర్క్ కార్డులుంటే డిఫాల్ట్ గేట్‌వే (వేరే నెట్‌వర్క్‌లకు వెళ్లే దారి) ఒకదానికే ఇవ్వండి.

• విండోస్ ఫైల్ షేరింగ్ పాత పద్ధతి ఎస్‌ఎంబీ1 ఆఫ్‌లో ఉందో లేదో చూడండి. 2017లో ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగిన వన్నాక్రై వైరస్ పాకింది దానిలోని లోపంతోనే. పాత స్కానర్ అది లేకుండా పనిచేయదంటే, స్కానర్‌కే వేరే ఏర్పాటు చూడండి.

• షేర్ పర్మిషన్ (షేర్ చేసినప్పుడు ఇచ్చేది), ఎన్‌టీఎఫ్‌ఎస్ పర్మిషన్లలో (డిస్కులో ఫైళ్లకు, ఫోల్డర్లకు ఇచ్చేవి) ఏది తక్కువైతే అదే నెట్‌వర్క్ మీద వచ్చేవాళ్లకు చెల్లుతుంది. గ్రూపులవారీగా ఇవ్వండి. తర్వాత అడ్మిన్‌గా కాకుండా మామూలు యూజర్ లాగిన్‌తో, రెండో సబ్‌నెట్‌లోని కంప్యూటర్ నుంచి ఒక ఫైల్ సేవ్ చేసి, డిలీట్ చేసి చూడండి.