కాలిన గ్రిల్లుకి కొత్త వైరు వేసే ముందు

వానలు తగ్గి రాత్రిళ్లు కాస్త చల్లబడగానే బెజవాడ డాబాల మీద గ్యాస్ గ్రిల్లుల కవర్లు తీస్తారు. డిసెంబరు 31 రాత్రికి చికెన్ కాల్చాలి కదా మరి. జూన్ నుంచి మూలన పడున్న గ్రిల్లు నాబ్ తిప్పితే ఒక్కోసారి బర్నర్‌లో రావాల్సిన మంట నాబ్‌ల వెనక నుంచి వస్తుంది. ఆర్పేసి చూస్తే ఇగ్నిషన్ వైర్లు, అంటే మంట రాజేసే స్పార్క్‌ని బర్నర్‌కి చేర్చేవి, కరిగి వేలాడుతుంటాయి. ‘‘రెండు వైర్లేగా, టేపు చుట్టేద్దాం’’ అని ఎవరో ఒకరు అంటారు. ఆ టేపు చుట్టే ముందు ఇది చదవండి.

ఇగ్నిషన్ పెట్టెలో ఉండేది ఒక్క పెన్సిల్ సెల్లే అయినా, వైరు చివరికి చేరేసరికి అది వేల వోల్టుల స్పార్క్ అవుతుంది. ఎక్కడ దగ్గర దారి దొరికితే అక్కడ దూకుతుంది. వైరు తొడుగు పగిలి, పక్కనే గ్రిల్లు ఇనుప బాడీ ఉంటే ఇక బర్నర్ దాకా వెళ్లదు, ప్యానెల్ లోపలే టిక్కుమంటుంది. వాల్వులో లీకుంటే గ్యాసు చేరేదీ ఆ ప్యానెల్ లోపలికే. సగం కాలిన వైరుతో ‘‘ఏముంది, మహా అయితే వెలగదు’’ అనుకుంటాం గానీ, అది వెలగకూడని చోట వెలిగిస్తుంది.

వైరు కాలిందంటే దాన్ని కాల్చిన మంట ఎక్కడిదో ముందు తేలాలి. వానాకాలం తర్వాత నా మొదటి అనుమానం సాలెపురుగు మీద. బర్నర్ గొట్టం మొదట్లో, గ్యాసుతో గాలి కలిసే సందులో గూడు కడుతుంది. గ్యాసు ముందుకు పోలేక వెనక్కి మళ్లి నాబ్‌ల దగ్గర అంటుకుంటుంది. బర్నర్ విప్పి, గొట్టంలో సన్నని సీసా బ్రష్ దూర్చి ఆ చివర నుంచి వెలుతురు కనపడేదాకా తోమండి. గూడు లేకపోతే కింద నూనె ట్రే చూడండి. పాత కొవ్వు పేరుకుని అంటుకుని ఉండొచ్చు. ఎలకలు తిరిగే డాబా అయితే గ్యాసు ట్యూబు పొడవునా పంటిగాట్ల కోసం తడమండి.

చెయ్యి పెట్టే ముందు గ్రిల్లు పూర్తిగా చల్లారాలి. రెగ్యులేటర్ ఆపి, విప్పి, సిలిండర్‌కి సేఫ్టీ క్యాప్ పెట్టి దూరంగా నిలబెట్టండి, పడుకోబెట్టకండి. పెన్సిల్ సెల్ తీసేయండి. లైటో, కోడిని తిప్పే మోటారో ఉంటే స్విచ్ ఆపితే చాలదు, ప్లగ్ పీకాలి. డాబా అంటే ఆరుబయటే కదా అన్న ధీమా వద్దు. ఎల్పీజీ గాలికన్నా బరువు. చుట్టూ పిట్టగోడ ఉంటే నేల మీదే నిలుస్తుంది, లేదా మెట్ల మీదుగా ఇంట్లోకి దిగుతుంది.

మంట తగిలిన ట్యూబు బాగానే కనపడినా మార్చేయండి. మంట తగలకపోయినా ఐదేళ్లకు మార్చాల్సిందే. రెగ్యులేటర్‌కి సెగ తగిలితే గ్యాస్ ఏజెన్సీలో ఇచ్చేయండి. నాబ్ కింది వాల్వు బిగుసుకుపోయినా, రంగు మారినా లోపలి గ్రీజు ఎండిపోయిందని అర్థం. దాన్ని విప్పి కొబ్బరినూనె పోసే మేస్త్రీలున్నారు, ఒప్పుకోకండి. కొత్త వాల్వు దొరక్కపోతే ఆ గ్రిల్లు తుక్కుకే. సిలిండర్‌కే మంట తగిలితే ఇక వాడకండి, ఏజెన్సీకి చెప్పండి. లీకైతే 1906కి ఫోన్ చేయండి.

మంటను పొడి చల్లే ఫైర్ సిలిండర్‌తో ఆర్పారా? ఆ పొడి తేమ పీల్చుకుని రాగిని, అల్యూమినియాన్ని తినేస్తుంది. వైరు వేసే ముందు పొడి మొత్తం తుడిచి, కడిగి, ఎండబెట్టాలి. కాలిన ప్లాస్టిక్ మసికి గ్లవ్స్, మాస్కు పెట్టుకోండి.

ఇక వైరు. ఇంటి వైరింగుకి వాడే మామూలు పీవీసీ వైరు 70 డిగ్రీల వేడి వరకే. సిలికాన్ వైరు 180 దాకా తట్టుకుంటుంది, లైట్లకు అది సరిపోతుంది. ఆటోనగర్‌లో అయినా గవర్నరుపేటలో అయినా ‘‘వేడికి ఆగే వైరు’’ అని మాత్రం అడిగితే స్పార్క్‌కి పనికిరానిది చేతిలో పెట్టొచ్చు. వేడికి ఆగినంత మాత్రాన వేల వోల్టులకు ఆగదు. ఇగ్నిషన్‌కి వైరుతో సహా వచ్చే ఎలక్ట్రోడ్ (బర్నర్ దగ్గర స్పార్క్ వచ్చే మొన) సెట్టే, మీ మోడల్‌ది, తెప్పించుకోండి. అతుకులు వద్దు. మామూలు టిన్-సీసం సోల్డర్ 190 డిగ్రీల లోపే కరిగిపోతుంది, టేపు జిగురు అంతకన్నా ముందే కారిపోతుంది. వైరు చివర తొడిగే లోహపు లగ్గులు నొక్కి బిగించడమే మేలు. పైన ఫైబర్‌గ్లాస్ స్లీవు తొడిగి, బర్నర్ పెట్టెకి ఆనకుండా పాత క్లిప్పుల్లోంచే తీసుకెళ్లండి.

సిలిండర్ తగిలించకుండానే సెల్ వేసి, చీకటి పడ్డాక బటన్ నొక్కి చూడండి. స్పార్క్ ఎలక్ట్రోడ్ మొన దగ్గర, 3 నుంచి 5 మిల్లీమీటర్ల సందులో మాత్రమే దూకాలి. ప్యానెల్ వెనక నీలంగా మెరిస్తే పని మళ్లీ మొదటికి. బాగుంటే సెల్ తీసి, సిలిండర్ తగిలించి, రెగ్యులేటర్ తెరిచి, నాబ్‌లు మూసే ఉంచి ప్రతి జాయింటుకీ సబ్బు నురగ పూయండి. బుడగ రాకపోతేనే సెల్ మళ్లీ వేసి, మూత తెరిచి వెలిగించండి. ఐదు సెకన్లలో అంటుకోకపోతే ఆపి, ఐదు నిమిషాలు ఆగండి.

ఇంత పని ఎందుకనిపిస్తే పాత వైరు పూర్తిగా తీసేసి పొడుగు లైటర్‌తో వెలిగించుకోండి. ముందు లైటర్ మంట బర్నర్ దగ్గర పెట్టి, ఆ తర్వాతే నాబ్ తిప్పాలి. గ్యాసు లీకు లేకుండా ఉంటే అదేం తక్కువ పద్ధతి కాదు.

అమెరికా నుంచి పిల్లలు పంపిన గ్రిల్లయితే ఇంకోటి చూడాలి. దాని మోటారు 120 వోల్టులది, మన ప్లగ్గులో పెడితే కొత్త వైరుతో సహా మళ్లీ కాలుతుంది. స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ లేకపోతే కోడిని చేత్తోనే తిప్పుకోండి.