మదరసా హాస్టల్లో పిల్లలకి దయ ఎలా నేర్పాలి

మన వైజాగ్‌లో మదరసా హాస్టల్ చూసుకునేవాళ్ళకి ఒక మాట, దయ అనేది పాఠం చెప్తే రాదండి, పిల్లాడికి ముందు అది మన దగ్గర దొరకాలి. కొత్తగా చేరిన కుర్రాడికి మొదటి వారం సబక్ (పాఠం) ఒత్తిడి పెట్టకండి, రాత్రి లైట్లు ఆపాక ఒకసారి రూమ్‌లోకి వెళ్ళి చూడండి, దుప్పటి ముసుగేసుకుని సౌండ్ రాకుండా ఏడ్చేవాడు ఒకడైనా ఉంటాడు, పక్కన కూర్చుని వాళ్ళమ్మకి ఫోన్ కలిపి ఇవ్వండి.

ఫజర్‌కి (తెల్లవారుజాము నమాజుకి) లేవకపోతే కర్ర తియ్యొద్దు, భుజం మీద చెయ్యేసి పేరుపెట్టి లేపండి. ప్రవక్త ముహమ్మద్ (స) సహచరుడు అనస్ గారు ఆయన దగ్గర 10 ఏళ్ళు సేవ చేస్తే ఒక్కసారి కూడా విసుగ్గా ‘ఉఫ్’ అనిపించుకోలేదని హదీసులో (ప్రవక్త మాటలు, చేతల గురించిన ఉల్లేఖనంలో) ఉంది, ఇది పిల్లల కంటే ముందు ఉస్తాద్‌లకి (టీచర్లకి) పాఠం.

తర్వాత ప్రతి పెద్ద కుర్రాడికి ఒక చిన్నోడిని అప్పజెప్పండి, నిజంగా పనిచేస్తుంది ఇది. మా దగ్గర అందర్నీ కొట్టే ఒకడు, నెల తిరిగేసరికి తన చిన్నోడికి చేపముల్లు తీసి మరీ పెట్టేవాడు, తర్వాతే తను తినేవాడు.

తప్పు చేస్తే అందరి ముందు నిలబెట్టకుండా విడిగా అడగండి. ఎండాకాలం మేడ మీద పిట్టలకి నీళ్ళు పెట్టే డ్యూటీ వంతులవారీగా వెయ్యండి. వీలైతే నెలకోసారి కేజీహెచ్ ఆసుపత్రి గేటు దగ్గర పేషెంట్లకి తోడొచ్చినవాళ్ళకి పిల్లల చేతే మజ్జిగ ఇప్పించండి, ఎవరు ఏ మతమని అడక్కుండా.