మంచె కట్టే ముందు లంకంతా ఒకసారి తిరగండి

మొక్కజొన్న కంకి పాలు పోసుకునే సరికి గోదావరి నడుమ లంక పొలాల మీద అడవి పందులు పడతాయి. అప్పుడు కంగారుగా నాలుగు గుంజలు పాతితే అది కాపలా మంచె అవ్వదండి. విత్తనం వేసిన రోజుల్లోనే చోటు చూసుకోవాలి.

పొద్దున్నే, మంచు ఆరకముందు వెళ్లండి. ఒండ్రు నేల కాబట్టి అడుగులు అచ్చుగుద్దినట్టు ఉంటాయి. జింక గిట్ట ముందువైపు మొన తేలి ఉంటుంది. పందిది మొద్దుగా ఉంటుంది, మెత్తటి చోట వెనక చిన్న గిట్టలు రెండూ పక్కలకి విచ్చుకుని పడతాయి. అడుగు అంచు పదునుగా ఉంటే రాత్రిది, రాలిపోయి ఉంటే పాతది. రెల్లు దుబ్బుల్లో సొరంగంలాంటి దారి, తుమ్మ మొదళ్లకి రాసుకున్న బురద, పొర్లిన గుంట కూడా కనిపిస్తే వాటి రాకపోకలు అక్కడే. చీకటి పడ్డాక ఆ రెల్లులోకి ఎవరూ దిగొద్దు.

మంచె ఆ దారికి అడ్డంగా వద్దు. పక్కగా, ముప్పై గజాలైనా ఎడంగా ఉండాలి. బెదిరిన పంది వచ్చిన దారినే పారిపోతుంది. ఆ దారి మూసేస్తే మీదకే వస్తుంది, పిల్లలున్న తల్లి అయితే మరీను. వేటగాడు తన వాసన తగలకుండా గాలికి ఎదురు కూర్చుంటాడు. మనకి ఆ దాపరికం అక్కర్లేదు. పందికి చూపు మందం, ముక్కు చురుకు. మన వాసన రెల్లు వైపు వీచేలా కూర్చుంటేనే మేలు. డబ్బా మోత, టార్చి వెలుగు చాలు. ఉచ్చులు, నాటు తుపాకుల మాట ఎత్తొద్దు, 1972 వన్యప్రాణి చట్టం కింద అది నేరం.

కరెంటు తీగ సంగతి చేతులు జోడించి చెబుతున్నాను. చేను చుట్టూ తీగ లాగి కరెంటు పెడితే, పంది కంటే ముందు పక్క పొలం కూలీయో, కాపలాకి వచ్చే మన పిల్లాడో పడిపోతాడు. మీరు పెట్టకపోయినా సరిహద్దు రైతుల్ని అడిగి తెలుసుకోకుండా రాత్రి గట్టు దాటకండి.

గుంజలకి సరుగుడు బాదులు మంచివి. ఇసుక పాలు ఎక్కువున్న నేలలో మూడడుగులు లోతు పాతినా ఊగుతాయి, ఏటవాలుగా ఊతకర్రలు కట్టండి. ఏటి ఒడ్డుకి దగ్గరగా వద్దు, అక్కడ గట్టు కోసుకుపోతుంది. నిరుడు కట్టిన కొబ్బరి తాడుని నమ్మకండి. మా ఇంట్లో అబ్బాయి మెట్టు తాడు తెగి పడి నెల రోజులు మంచం దిగలేదు. ఎక్కేటప్పుడు రెండు చేతులూ ఖాళీగా ఉండాలి, టార్చి, నీళ్ల సీసా తర్వాత తాడుతో లాక్కోవచ్చు. పైన కునుకు పట్టడం ఖాయం, కాబట్టి చుట్టూ నడుమెత్తు కర్ర కట్టండి. ఉరుము వినబడగానే దిగి, ఒంటరి చెట్టు కిందకి పోకుండా ఇంటికి వచ్చేయండి.

పడవ దాటాల్సిన లంకైతే వెలుగుండగానే దాటి, తెల్లారాకే తిరిగి రండి. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర గోదావరి నీటిమట్టం 11.75 అడుగులకి చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక ఇస్తారు. లంకలో ఉన్నవాళ్లు అందాకా కూడా ఆగకూడదు.

నడకలో మోకాలి దాకా బూట్లు, చేతిలో కర్ర. రక్తపింజర, కట్లపాము రెండూ ఉన్న నేల ఇది. కరిస్తే కట్టు బిగించకండి, కోయకండి, కాలు కదపకుండా మోసుకెళ్లి 108కి ఫోన్ చేయండి. బూట్లు మంచె కింద వదిలేస్తే, పొద్దున తలకిందులుగా దులిపాకే తొడుక్కోండి.