బ్యాక్‌యార్డ్‌లో పిజ్జా ఓవెన్: కొంటే ఎంత, కట్టుకుంటే ఎంత

ముందు లెక్క సూటిగా చెప్పేస్తా. అమెరికాలో ఇప్పుడు దీనికి మూడు రకాల రేట్లు నడుస్తున్నాయి. టేబుల్ మీద పెట్టుకునే చిన్న ఓవెన్ అయితే పక్క సామాన్లతో కలిపి 500 నుంచి 900 డాలర్లు, ఇటుకలు తెచ్చి మన చేత్తో మనమే కట్టుకుంటే 2,000 నుంచి 3,500, రెడీమేడ్ ముక్కల కిట్ తెప్పించి మేస్త్రీతో కట్టించుకుంటే 7,000 దగ్గర మొదలై 15,000 దాకా, దాని పక్కన రాతి కౌంటరూ సింకూ కూడా కావాలంటే ఇంకా పైకే. ఈ తేడా అంతా ఇటుకల ఖరీదే అనుకుంటారు చాలామంది, కాదండి. చేత్తో కట్టుకునే ఓవెన్‌లో ఇటుకలది పావు వంతు ఖర్చే, మిగతాది కింద పునాదికి, చుట్టూ ఇన్సులేషన్‌కి, చిమ్నీకి పోతుంది, మేస్త్రీని పెట్టుకుంటే కూలీ ఒక్కటే వీటన్నిటినీ మించిపోతుంది. నేను టెక్సాస్‌లో డాలస్ పక్కన ఫ్రిస్కో, ప్లేనో, మెకినీ వైపు ఉండేవాళ్ళని దృష్టిలో పెట్టుకుని రాస్తున్నా, వేరే స్టేట్ అయితే మట్టీ రూల్సూ మారతాయి, కట్టే పద్ధతి మాత్రం అదే.

ఏదీ కొనకముందు ఒక పని చేయండి. ఇంట్లో ఓవెన్ ఎలాగూ 500, 550 డిగ్రీల దాకా వెళ్తుంది (నేను చెప్పే డిగ్రీలన్నీ ఫారెన్‌హీటే), 100 డాలర్ల చుట్టుపక్కల ఒక మందపాటి బేకింగ్ స్టీల్ (ఉక్కు పలక) దొరుకుతుంది, దాన్ని లోపల పెట్టి ముప్పావు గంట బాగా వేడెక్కనిచ్చి దాని మీద పిజ్జా వేస్తే ఆరేడు నిమిషాల్లో న్యూయార్క్ స్టైల్‌కి దగ్గరగా వస్తుంది. ఒక రెండు నెలలు ఇలా చేసి చూడండి. పిండి ముందురోజు కలిపి ఫ్రిజ్‌లో పెట్టడం, ఉండలు చేయడం, చేత్తో సాగదీయడం, ఇవన్నీ బయట ఓవెన్ కొన్నా మీరే చేయాలి కదా, ఓవెన్ చేసిపెట్టదు. రెండు నెలల తర్వాత కూడా శనివారం పొద్దున్నే పిండి గుర్తొస్తోంది అంటే అప్పుడు బయట ఓవెన్ గురించి ఆలోచించండి. బయటది అదనంగా ఇచ్చేది వేడి. నేపుల్స్ వాళ్ళ పిజ్జాకి 800 డిగ్రీలు దాటిన వేడి కావాలి, 60 నుంచి 90 సెకన్లలో అయిపోవాలి, అంచు ఉబ్బి నల్ల చుక్కలు పడాలి, అది ఇంట్లో ఓవెన్‌తో రాదు.

ఇక కొనే సంగతి. 2012లో స్కాట్లాండ్ నుంచి ఊని వాళ్ళు (అప్పట్లో పేరు యూని) కిక్‌స్టార్టర్‌లో (జనం నుంచి ముందే డబ్బు సేకరించే వెబ్‌సైట్) చిన్న ఓవెన్ పెట్టాక ఈ మార్కెట్ మొత్తం మారిపోయింది. ఇప్పుడు గ్యాస్‌తో నడిచే 12 అంగుళాల ఓవెన్ 400 డాలర్ల దగ్గర, 16 అంగుళాలది 600 చుట్టుపక్కల, గోజ్నీ వాళ్ళ రాక్‌బాక్స్ 500 దగ్గర దొరుకుతున్నాయి, థాంక్స్‌గివింగ్ సేల్‌లో ఇంకా తగ్గుతాయి కాబట్టి తొందర లేకపోతే అప్పటిదాకా ఆగండి. నా మాట అడిగితే 12 కంటే 16 తీసుకోండి, పిజ్జా పెద్దది చేయాలని కాదు, 12లో మంట పిజ్జా అంచుకి మరీ దగ్గరగా ఉంటుంది, తిప్పడానికి చోటుండదు, కొత్తవాళ్ళకి ఒక పక్క మాడిపోయేది అందుకే.

గ్యాసా కట్టెలా అంటే, చిన్న ఓవెన్‌లో గ్యాసే మేలు. చిన్నదాంట్లో కట్టెలు పెడితే పిజ్జా తిప్పుతూనే ఇంకో చేత్తో చిన్న చిన్న పుల్లలు వేస్తూ ఉండాలి, పది మంది పిల్లలు ప్లేట్లు పట్టుకుని నిలబడ్డప్పుడు అది కష్టం. పైగా ఒకటిన్నర నిమిషంలో అయిపోయే పిజ్జాకి పొగ రుచి పెద్దగా ఎక్కదు కూడా. 20 పౌండ్ల ప్రొపేన్ సిలిండర్ పెద్ద మంట మీద 15 గంటల దాకా వస్తుంది, ఖాళీది ఇచ్చి నిండుది తెచ్చుకుంటే 20, 25 డాలర్లు.

ఓవెన్ ధర ఒక్కటే చూసి ఆర్డర్ పెట్టకండి. పిజ్జాని లోపలికి తోసే పీల్, లోపల తిప్పడానికి చిన్న గుండ్రటి పీల్, రాయి వేడి చూసే టెంపరేచర్ గన్, వానకి కవర్, మొదటిసారి సిలిండర్, గ్రాముల్లో తూచే త్రాసు, అన్నీ కలిపి ఇంకో 150, 200 అవుతాయి. వీటిలో టెంపరేచర్ గన్ మాత్రం అస్సలు మానొద్దు, 25 డాలర్లకి వస్తుంది, గాలి వేడి ఎంతున్నా రాయి 700 దాటకుండా పిజ్జా వేస్తే అడుగు పచ్చిగానే ఉండిపోతుంది. ఇంకో ముఖ్యమైన మాట, చలికాలంలో బయట గాలి కొడుతోందని గరాజ్‌లో పెట్టి వెలిగించకండి, తలుపు తీసి ఉన్నా సరే, కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు.

కట్టడానికి దిగేముందు ఒక లెక్క వేసుకోండి. నెలకి రెండుసార్లు చొప్పున మూడేళ్ళు వాడితే 72 సార్లు. 700 పెట్టి కొన్న చిన్న ఓవెన్ సారికి 10 డాలర్లు పడుతుంది, 2,800తో చేత్తో కట్టుకున్నది 40 దగ్గర, 10,000తో కట్టించుకున్నది 140 దగ్గర. మనవాళ్ళు ఎక్కువమంది ఉద్యోగం మారితేనో స్కూల్ జిల్లా కోసమో ఇల్లు మారేవాళ్ళు, చిన్న ఓవెన్ కారు డిక్కీలో వస్తుంది, ఇటుకలది అక్కడే ఉండిపోతుంది. అందుకని ఈ ఇంట్లో కనీసం ఏడెనిమిదేళ్ళు ఉంటాం, ఇంటికి తరచూ పాతికమంది వస్తారు, నాకు చేత్తో పని చేయడం ఇష్టం, ఈ మూడూ నిజమైతేనే కట్టండి. నిజమైతే మాత్రం వెనకాడకండి, ఇటుక ఓవెన్ వేడిని పట్టి ఉంచినంత సేపు ఏ రేకు ఓవెనూ ఉంచదు.

కట్టేవాళ్ళకి మొదట కాగితాల పని. హెచ్‌ఓఏ (ఇళ్ళ యజమానుల సంఘం) ఉన్న కాలనీలో ఆర్కిటెక్చరల్ కమిటీ అప్రూవల్ ముందే తీసుకోండి, చిమ్నీ ఎత్తూ ఫెన్స్ నుంచి దూరం గీసిన చిన్న బొమ్మ జతచేస్తే తొందరగా తేలుతుంది. సిటీ పర్మిట్ ఆఫీసుకి ఫోన్ చేసి పర్మిట్ కావాలా అని అడగండి, గ్యాస్ లైన్ లాగే ఆలోచన ఉంటే లైసెన్స్ ఉన్న ప్లంబర్‌తోనే చేయించండి. ఇంటి సర్వే కాగితం తీసి యుటిలిటీ ఈజ్‌మెంట్ (కరెంట్, గ్యాస్ లాంటి లైన్ల కోసం వదిలిన స్థలం) ఎక్కడుందో చూసి దాని మీద కట్టకండి, తవ్వేముందు 811కి ఫోన్ చేస్తే కింద గ్యాస్, కరెంట్ లైన్లు ఎక్కడున్నాయో ఉచితంగా మార్క్ చేసి వెళ్తారు.

తర్వాత మట్టి. డాలస్ చుట్టూ ఉన్న నల్లమట్టి గుంటూరు వైపు నల్లరేగడి లాంటిదే, తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే నెర్రెలిస్తుంది. ఇక్కడ ఇళ్ళ ఫౌండేషన్లు కదిలేది ఈ మట్టి వల్లే, మీ ఓవెన్ టన్ను పైనే బరువుంటుంది, దాన్ని ఇప్పటికే ఉన్న పాటియో (ఇంటి వెనక గచ్చు) మీద కట్టేస్తే పాటియో పగులుతుంది. విడిగా 6 అడుగుల చదరం, 6 అంగుళాల మందం స్లాబ్, కింద కంకర, మధ్యలో ఇనుప చువ్వలు, ఇంటి స్లాబ్‌తోనో పాటియోతోనో కలపకుండా మధ్యలో గ్యాప్. దీనికి 80 పౌండ్ల కాంక్రీట్ బస్తాలు 30 దాకా పడతాయి, 180 నుంచి 200 డాలర్లు. దాని మీద మూడు పక్కలా కాంక్రీట్ బ్లాకుల గోడ, నాలుగో పక్క కట్టెలు పెట్టుకోవడానికి ఖాళీ, పైన ఇంకో 4 అంగుళాల స్లాబ్. చువ్వలతో సహా మొత్తం 450 నుంచి 600లో తేలుతుంది. ఓవెన్ నేల మీ నడుముకి కాస్త పైకి, 42 అంగుళాల ఎత్తు దగ్గర వచ్చేలా చూసుకోండి, లేకపోతే ప్రతి పిజ్జాకీ వంగాలి.

ఇప్పుడు ఇన్సులేషన్. ఇక్కడ మాత్రం ఒక్క డాలర్ కూడా మిగిల్చే ప్రయత్నం చేయకండి. ఇటుక వేడిని దాచుకుంటుంది కానీ ఆపదు, నేల కింద ఏమీ లేకుండా ఇటుకలు నేరుగా కాంక్రీట్ మీద పరిస్తే మీరు ఎన్ని కట్టెలు పెట్టినా ఆ వేడి కింద స్లాబ్‌లోకి దిగుతూనే ఉంటుంది, మొదటి రెండు పిజ్జాలు బాగా వచ్చి మూడోది నుంచి అడుగు తెల్లగా ఉండిపోతుంది, చాలామంది పిండిని తప్పుపడతారు కానీ తప్పు నేలది. ఫైర్ బ్రిక్ (ఎక్కువ వేడిని తట్టుకునే ఇటుక) కింద 2 అంగుళాల కాల్షియం సిలికేట్ బోర్డు (వేడిని ఆపే గట్టి పలక) పరవండి, 200 నుంచి 400 అవుతుంది. అంత వద్దనుకుంటే అయిదు పాళ్ళు వర్మిక్యులైట్‌కి (వేడిని ఆపే తేలికపాటి ఖనిజపు గుళికలు) ఒక పాలు సిమెంట్ కలిపి 4 అంగుళాలు పోయండి, చవకలో అదీ పనిచేస్తుంది, ఆరడానికి మాత్రం చాలా టైమ్ తీసుకుంటుంది. డోమ్ (ఓవెన్ పై గుమ్మటం) మీద 1 అంగుళం సిరామిక్ ఫైబర్ బ్లాంకెట్ మూడు వరసలు, 25 అడుగుల రోల్స్ రెండు పడతాయి, రెండూ కలిపి 160 నుంచి 260. దాన్ని కోసేటప్పుడు మాస్కు, గ్లోవ్స్, ఫుల్ చేతుల చొక్కా వేసుకోండి, ఆ నూలు ఊపిరితిత్తుల్లోకి పోకూడదు, పిల్లల్ని ఆ పూట లోపలే ఉంచండి.

డోమ్ సైజు 36 అంగుళాలు చాలు ఇంటికి, మంట ఒక పక్కన ఉండగా రెండు పిజ్జాలు పడతాయి. 42కి వెళ్తే ఇటుకలూ పెరుగుతాయి, వేడెక్కే టైమూ కట్టెలూ పెరుగుతాయి, ప్రతిసారీ. 36కి నేల, డోమ్, ముందు ఆర్చ్ కలిపి 150 నుంచి 180 ఫైర్ బ్రిక్స్, ఒక్కోటి రెండున్నర నుంచి 4 డాలర్లు, మేసనరీ సప్లై షాపులో కొంటే పెద్ద చైన్ హార్డ్‌వేర్ స్టోర్ కంటే చవక. డోమ్‌కి ఇటుకని సగానికి కోసి పెట్టాలి, డైమండ్ బ్లేడ్ ఉన్న వెట్ సా (నీళ్ళు పోస్తూ కోసే రంపం) రోజుకి 60, 80కి అద్దెకి ఇస్తారు, కోతలన్నీ గీసి పెట్టుకుని ఒక్క రోజులో పూర్తి చేస్తే డబ్బు మిగులుతుంది. నేల ఇటుకలకి కింద మోర్టార్ వద్దు, పొడిగా పరిచేయండి, రేపు ఒకటి పగిలినా తీసి మార్చుకోవచ్చు. డోమ్ జాయింట్లకి ఇసుక మూడు పాళ్ళు, పోర్ట్‌లాండ్ సిమెంట్, సున్నం, ఫైర్ క్లే ఒక్కో పాలు కలిపితే సరిపోతుంది, అన్నీ కలిపి 100 లోపే. వట్టి సిమెంట్ ఇసుకతో కట్టకండి, అంత వేడికి సిమెంట్ పొడైపోతుంది, అప్పుడు పట్టి ఉంచేది సున్నం, ఫైర్ క్లేలే.

ఒక్క కొలత మాత్రం గోడ మీద రాసి పెట్టుకోండి, ద్వారం ఎత్తు డోమ్ లోపలి ఎత్తులో 63 శాతం. డోమ్ 18 అంగుళాల ఎత్తయితే ద్వారం 11 అంగుళాల పైచిలుకు. ఇంకా ఎత్తు పెడితే వేడంతా ముందు నుంచి పోతుంది, తగ్గిస్తే మంటకి గాలి అందక లోపలంతా పొగే. చిమ్నీ లోపల కాదు, ద్వారం బయట ఆర్చ్ మీద రావాలి, 8 అంగుళాల స్టీల్ పైపు సింగిల్ వాల్ 100, డబుల్ వాల్ టోపీతో 300 నుంచి 500. పెర్గోలా (చెక్క పందిరి) కప్పు దగ్గరుంటే డబుల్ వాల్ తప్పదు. పైన జాలీ, స్టక్కో (సిమెంట్ పూత), తలుపుకి ఇంకో 300 వేసుకోండి. వీకెండ్లలోనే పని చేస్తే రెండు మూడు నెలలు పడుతుంది.

ఇంత పని వద్దు, కానీ కట్టెల ఓవెనే కావాలి అనేవాళ్ళకి ముక్కలుగా పోతపోసిన డోమ్ కిట్లు 2,000 నుంచి 4,000లో వస్తాయి, ఫోర్నో బ్రావో లాంటి కంపెనీలు అమ్ముతాయి, డోమ్ ఒకట్రెండు రోజుల్లో నిలబడుతుంది. అయితే కిట్ ధరలో కింద స్టాండూ స్లాబూ ఉండవు, షిప్పింగ్ ప్యాలెట్ మీద వస్తుంది కాబట్టి దాని ఖర్చూ వేరు, లారీవాడు డ్రైవ్‌వే దగ్గర దించి వెళ్ళిపోతాడు, అక్కడి నుంచి వెనక్కి చేర్చడం మీ పని. మేస్త్రీని పెట్టుకుంటే కొటేషన్ అడిగేటప్పుడు నేల కింద ఏ ఇన్సులేషన్ వేస్తారు, ఎన్ని అంగుళాలు అని ముందు అదే అడగండి, సరిగ్గా చెప్పలేనివాళ్ళకి ఇవ్వకండి, వాళ్ళు కట్టేది అలంకారపు ఫైర్‌ప్లేస్.

కట్టాక వెంటనే పెద్ద మంట పెట్టొద్దు. ఒక వారం తడి ఆరనివ్వండి, తర్వాత రోజూ చిన్న మంట, మొదటి రోజు 200 డిగ్రీలు దాటకుండా కొన్ని గంటలు, రోజుకో 50 చొప్పున పెంచుతూ వారం రోజులు. లోపల దాగిన నీళ్ళు ఆవిరై బయటికి పోవడానికి టైమ్ ఇవ్వకపోతే డోమ్ పగులుతుంది.

కట్టెలకి ఓక్, పెకాన్ బాగుంటాయి, తేమ 20 శాతం లోపు ఉండాలి. ఫెన్స్ విప్పగా మిగిలిన చెక్కలు, రంగు వేసినవి, ట్రీటెడ్ లంబర్ (మందు పట్టించిన చెక్క) అస్సలు వాడొద్దు, ఆ విషం పిజ్జా కాలే నేల మీద పడుతుంది. ఎండాకాలంలో కౌంటీ బర్న్ బ్యాన్ (బయట మంటలు పెట్టకూడదన్న నిషేధం) పెడితే అది ఓవెన్‌కి వర్తిస్తుందో లేదో ఫైర్ మార్షల్ ఆఫీసులో అడిగి వెలిగించండి. డోమ్ లోపల మసి పట్టి నల్లగా అయి, గంటన్నర రెండు గంటలకి ఆ మసి కాలిపోయి ఇటుక తెల్లగా బయటపడుతుంది, అప్పుడు పిజ్జా మొదలుపెట్టండి. ఇంటికి వచ్చినవాళ్ళలో వెజిటేరియన్లు ఉంటే వాళ్ళవి ముందు చేసేయండి, పీల్ కూడా విడిగా పెట్టుకోండి, ఆ వేడికి ఏదీ మిగలదన్నది నిజమే అయినా పెద్దవాళ్ళకి ఆ నమ్మకం కావాలి.

పిజ్జాలు అయ్యాక నిప్పులు ఒక పక్కకి నెట్టి వంకాయలు, టమాటాలు, పచ్చిమిర్చి పెట్టండి, పచ్చడికి అంతకన్నా బాగా కాలవు. ఇన్సులేషన్ సరిగ్గా ఉంటే తలుపు మూసిన ఓవెన్ మర్నాడు పొద్దునకి కూడా చిలగడదుంపలు మగ్గేంత వేడి ఉంటుంది, మంట లేకుండానే.

సన్నటి వెంట్రుక పగుళ్ళు డోమ్ లోపల వస్తాయి, కంగారు పడకండి. బయట స్టక్కో మీద వస్తే మాత్రం ఆ వారమే పూడ్చేయండి, అక్కడి నుంచి వాన నీళ్ళు దిగితే బ్లాంకెట్ మొత్తం తడిసి తర్వాత పెట్టే మంటలో సగం దాన్ని ఆరబెట్టడానికే పోతుంది.