బీచ్ ఇంట్లో తలుపు కింద నుంచి వాన జల్లు వస్తుంటే

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మన నెల్లూరు తీరానికి తుఫాన్ల కాలం కదా, మొన్న మైపాడు దగ్గర రెండు రోజులకని అద్దెకు తీసుకున్న ఇంట్లో తలుపు కింద సందులోంచి జల్లు కొట్టి గదంతా నీళ్లే. గుడ్డలు ఎన్ని పెట్టినా లాభం లేదు.

ఖాళీ బియ్యం సంచి ఒకటి అడిగి తీసుకోండి. సగానికి ఇసుక పోసి, మూతి కట్టి, పొడవుగా పరిచి తలుపుకి లోపలివైపు కాలితో గట్టిగా అదమండి. ముందుగా ఒక ప్లాస్టిక్ కవరు పరిచి దాని అంచు తలుపు మీదికి జానెడు లేపితే ఇంకా బాగా ఆగుతుంది. కరెంటు పోతే మోటారు ఆడదు కాబట్టి ట్యాంకు, బకెట్లు కూడా ముందే నింపేయండి.

ఇదంతా వాన నీళ్లకే. సముద్రం ముందుకొస్తే ఇసుక సంచి దేన్నీ ఆపలేదు, అధికారులు ఖాళీ చేయమంటే అద్దె డబ్బులు పోయినా సరే వెలుతురు ఉండగానే నెల్లూరు వచ్చేయండి. గాలి ఒక్కసారిగా ఆగిపోయినా బయటికి పోవద్దు, తుఫాను కన్ను మన మీదుగా దాటేటప్పుడు అట్లాగే ఉంటుంది, కాసేపటికి ఎదురు దిక్కు నుంచి మళ్లీ కొడుతుంది. సాయం కావాలంటే 112కి ఫోన్ చేయండి.