ధమని గోడలో నీళ్ళు ఎట్ల ఇంకుతయో మూడు సీసాలతో చూపిద్దాం

హనుమకొండలో ఇంటర్ పిల్లలకు జువాలజీ చెప్త. రక్తనాళాల పాఠం వచ్చినప్పుడల్లా వాళ్ళను ఒక్క విషయం దగ్గర ఆపుతా: ధమని రబ్బరు పైపు కాదు. రక్తంలోని నీళ్ళు దాని గోడలోకి ఎప్పుడూ ఇంకుతనే ఉంటయి. కానీ ఎంత మెల్లగనో! గంటకు అటూ ఇటూగా వెంట్రుక మందమంత దూరం.

తోసే ఒత్తిడి తక్కువదేం కాదు. ధమనిలో రక్తపు ఒత్తిడి సుమారు 100 మిల్లీమీటర్ల పాదరసం, అంటే 136 సెంటీమీటర్ల ఎత్తు నీళ్ళు. టేపు పెట్టి బోర్డు పక్కన గీత గీయండి, ఆ ఎత్తు పిల్లలు కళ్ళారా చూడాలె. అంత బరువు తోస్తున్నా నీళ్ళను పట్టి ఆపేది ఏంది?

మూడు లీటరు సీసాలు తీసుకొని అడుగులు కోసెయ్యండి. మూతలకు కాల్చిన మేకుతో ఒకే సైజు బొక్కలు పెట్టి బోర్లా నిలపండి. దూది మెడికల్ షాపుదే వాడండి. ఏనుమాముల మార్కెట్ మన పక్కనే ఉంది కదా అని మొదటి ఏడు నేను పచ్చి పత్తి కూరిన. పత్తి పోగు మీద సహజంగా మైనం ఉంటది. నీళ్ళు పైన్నే నిలబడ్డయి, ఆ రోజు క్లాసు మొత్తం పోయింది.

సీసాకు పది గ్రాముల దూది, మూడింట్లో ఒకే ఎత్తుకు అదమండి. మొదటిది ఉత్త దూది. రెండోదాంట్లో చెంచాడు ఆవాలు కలపండి. మూడోదాంట్లో చెంచాడు సబ్జా గింజలు, అరగంట ముందే నానబెట్టి, వేళ్ళతో దూదిలో అంతటా కలవాలె. ఎండు గింజలు వేస్తే లోపల ఉబ్బి ఒక్కచోటనే అడ్డం పడతయి. అన్నీ తడిపినంక గ్లాసెడు నీళ్ళు పోసి, ఫోన్లో టైము పట్టండి. 1856లో ఫ్రాన్సులో హెన్రీ దార్సీ అనే ఇంజనీరు, ఇసుక నింపిన గొట్టాల్లోంచి నీళ్ళు ఎంత జోరుగా దిగుతయో కొలిచిన పని కూడా ఇసొంటిదే.

దూది సీసా గబగబా దిగుతది. ఆవాలది కొంచెమే వెనకబడతది. సబ్జాది చుక్క, చుక్క. అప్పుడు ఒక సబ్జా గింజను వేలి మీద పెట్టి వెలుతురుకు పట్టి చూపియ్యండి: నడుమ నల్ల గింజ, చుట్టూ పొగమంచు లాంటి జిగురు. ఆ జిగురు దాదాపు అంతా నీళ్ళే. నీళ్ళను ఆపుతున్నదీ అదే.

ధమని గోడలో దూది పాత్ర కొల్లాజెన్‌ది, అంటే గోడకు బలమిచ్చే ప్రోటీన్ పోగులది. జిగురు పాత్ర హైలురోనాన్, కాండ్రాయిటిన్ సల్ఫేట్ లాంటి చక్కెర గొలుసులది. హైలురోనాన్‌ను 1934లో కార్ల్ మేయర్, జాన్ పామర్ ఆవు కంటిలోని జెల్లీ నుంచి తీసిండ్రు. ఈ గొలుసుల బరువు కొల్లాజెన్ కంటే చాలా తక్కువ, అయినా నీళ్ళకు అడ్డు ఎక్కువగా పడేది ఇవే. ఎందుకంటే సన్నదనం. కొల్లాజెన్ పోగు మందం పదుల నానోమీటర్లు, ఈ గొలుసుది సుమారు ఒక్కటి. కిలో పత్తిని మోకుగా పేని వాగులో వేస్తే నీళ్ళు పక్క నుంచి పోతయి. అదే కిలోను కొత్తవాడ మగ్గాల మీది నూలు కంటే సన్నగా వడికి చిక్కు చేసి వేస్తే? పోగు వంద రెట్లు సన్నబడితే, అదే సరుకుకు నీళ్ళు రాసుకునే పైభాగం వంద రెట్లు పెరుగుతది. పైగా ఈ గొలుసుల మీద రుణావేశం ఉంటది. ఒకదాన్నొకటి నెట్టుకుంటూ, నీళ్ళను పట్టుకొని, ఖాళీలన్నీ నింపేస్తయి.

ఇప్పుడు మొదటి సీసాలో దూదిని గట్టిగా అదిమి మళ్ళీ పోయండి. మెల్లబడ్డది కదా. ధమనిలో కూడా ఒత్తిడికి లోపలి పొర నలిగి సందులు ఇరుకవుతయి.

ఈ సీసాల్లో లేనిది ఎండోథీలియం, అంటే ధమని లోపలి వైపు రక్తానికి తగులుతూ పరుచుకున్న పలచని కణాల పొర. అసలు గోడలో మొదటి అడ్డు అదే, నీళ్ళు ఎక్కువగా దాని కణాల మధ్య సందుల్లోంచే పోవాలె. అది కూడా కావాలంటే దూది మీద నాలుగు సూది బొక్కలున్న పాలిథిన్ ముక్క పరవండి, అంచులు సీసాకు అంటుకునేటట్టు.

"మరి కొలెస్ట్రాల్ సార్?" అని తప్పకుండా అడుగుతరు. రక్తంలో కొలెస్ట్రాల్‌ను మోసే ఎల్‌డీఎల్ అనే చిన్న రేణువు ఆ నీళ్ళతోపాటే గోడలోకి వస్తది. దాని ప్రోటీన్ మీద ధనావేశమున్న చోట్లు ఈ గొలుసులకు అంటుకుంటయి. నీళ్ళు పోతయి, రేణువు ఉండిపోతది. ధమని పూడిక మొదలయ్యేది అక్కడే. ఈ జవాబు బోర్డు మీద బొమ్మ గీసే చెప్పండి, సీసాలతో కుదరదు.

సబ్జా కలిపిన దూదిని సాయంత్రమే తీసి పారెయ్యండి, తెల్లారేసరికి ల్యాబంతా వాసనొస్తది.