మోటారు వేయగానే యూరియా వదలకండి
హోస్కోటె దగ్గర బీర పందిరికి డ్రిప్ పెట్టిన కొత్తలో మోటారు ఆన్ చేయగానే యూరియా ద్రావణం వదిలేసి, ఆపైన గంటన్నర నీళ్లు పారించేవాణ్ణి. యూరియా నీళ్లతో పాటే జారిపోతుంది, పైగా మాది ఎర్ర ఇసుక నేల, అంతా వేళ్లను దాటి కిందికి పోయేది, ఆకులేమో లేత పసుపు. ఇప్పుడు తొలి అరగంట ఉత్త నీళ్లు, తర్వాత అరగంట ఎరువు, చివర పావుగంట మళ్లీ ఉత్త నీళ్లు. ఆ చివరి పావుగంట ఎగ్గొట్టకండి, ఎరువు పైపులో మిగిలితే డ్రిప్పర్లకు పాచి పడుతుంది.

ఎప్పుడివ్వాలంటారా, తీగ పందిరెక్కే రోజుల్లోనే ఎక్కువ, అదీ కొంచెం కొంచెంగా. పూత మొదలయ్యాక తగ్గించండి, కోతలు నడుస్తుంటాయి కాబట్టి పూర్తిగా ఆపొద్దు. యూరియాలో 46 శాతం నత్రజనే, చవకే కదా అని గుమ్మరిస్తే ఆకు తప్ప పిందె కనపడదు. బీర సంగతే కాదు, బీరులో వేసే హాప్స్ కూడా తీగే కదా, అమెరికాలో యాకిమా లోయ రైతులు జూన్‌లో అది తాళ్లు పట్టుకుని ఎగబాకుతుండగానే నత్రజని చాలావరకు ఇచ్చేసి, పూతకల్లా ఆపేస్తారు.